మడి నుంచి బయటపడాలని చదివిస్తే మళ్ళీ మడి చదువేనా? అగ్రికల్చర్ బీఎస్సీ గురించి సలహా కావాలి

కలిగిరి_మెట్ట
జులై 12, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర మెట్ట పల్లె. మూడున్నర ఎకరాలు, ఒక బోరు. బోరు కింద ఎకరా వరి, మిగతా చేలో మినుమో కందో, ధర బాగుంటుందనుకున్న ఏడు పొగాకు. మా పెద్దమ్మాయి ఈ సంవత్సరం ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో డాక్టరు సీటుకు చాలినన్ని మార్కులు రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం బాగానే వచ్చింది.

నేను ఫార్మసీలో చేర్పిద్దామనుకున్నా. మా బావమరిది నర్సింగ్ అంటున్నాడు, అయిపోగానే ఉద్యోగం దొరుకుతుందని. పిల్లేమో అగ్రికల్చర్ బీఎస్సీ తప్ప ఇంకోటి వద్దంటోంది. మూడు రోజుల నుంచి ఇంట్లో ఇదే మాట. మా అమ్మ అయితే "మడిలోంచి బయటపడతారని గదరా చదివించేది, మళ్ళీ మడి చదువేంది" అని ఒకటే గొణుగుడు.

నా భయం కూడా అదే. ఈ చదువులో ఏం చెప్తారో నాకు తెలియదు. ఎక్కడ చదవాలి, ఆడపిల్లకు ఎట్టా ఉంటుంది, చదివాక ఏం దొరుకుతుంది? చదివినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

బాపట్ల_నాలుగో_ఏడు
జులై 12, రాత్రి 10:25

బాబాయ్, మాది దర్శి వైపు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో ఆఖరి సంవత్సరంలోకి వచ్చాను. మా నాన్న కూడా నాలుగేళ్ల కింద అచ్చం మీలాగే భయపడ్డాడు, అందుకే పడుకోకుండా రాస్తున్నా.

నాలుగేళ్ల కోర్సు, ఎనిమిది సెమిస్టర్లు. అందరూ అనుకున్నట్టు నాగలి పట్టడం, నాట్లు వేయడం నేర్పే చదువు కాదు. నేల గురించి ఒక శాఖ, పురుగుల గురించి ఒకటి, తెగుళ్ల గురించి ఒకటి, కొత్త వంగడాలు తయారు చేసే జన్యుశాస్త్రం, పంటల యాజమాన్యం, తోటలు, యంత్రాలు, వ్యవసాయ ఆర్థికశాస్త్రం, రైతుకు ఎట్టా చెప్పాలో నేర్పే విస్తరణ విభాగం. ఇన్ని కలిపి చదవాలి. పొద్దున్నే పొలంలో ప్రాక్టికల్, తర్వాత క్లాసు, మధ్యాహ్నం ల్యాబు. మాకు తలా కొంచెం నేల ఇచ్చి పంట పెట్టించారు. విత్తనం కొలవడం దగ్గర నుంచి కోత దాకా మనమే. నా మొక్కజొన్నలో కలుపు తీయడం రెండు రోజులు ఆలస్యమైందని మా మేడమ్ అక్కడే నిలబెట్టి అడిగారు. మా ఇంట్లో మా అమ్మ రోజూ చేసే పనే అది. ఎందుకు ఆలస్యం చేయకూడదో మాత్రం ఆ రోజే నాకు తెలిసింది.

పురుగుల పెట్టె ఒకటి తయారు చేయాలి. వలతో పట్టి, సూది గుచ్చి, రెక్కలు సరిగ్గా పరిచి, కింద చీటీ మీద ఎక్కడ, ఏ రోజు, ఏ పంట మీద దొరికిందో రాయాలి. కలుపు మొక్కలు కూడా ఎండబెట్టి పుస్తకంలో అతికించాలి. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న తుంగకి సైపరస్ రొటండస్ అనే పేరుందనీ, పైన ఎంత కోసినా నేలలో గడ్డ ఉన్నంత వరకు అది చావదనీ తెలిసినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. జీవితమంతా తుంగతోనే పోరాడాడు ఆయన.

ఆడపిల్లల సంగతి అడిగారు కదా. మా క్లాసులో అమ్మాయిలే ఎక్కువ. హాస్టల్ క్యాంపస్‌లోనే ఉంటుంది. ఆ విషయంలో దిగులు పెట్టుకోవద్దు.

సీట్ల గురించి రేపు రాస్తా.

పొగాకు_బ్యారన్
జులై 13, ఉదయం 6:10

మాది కొండపి దగ్గర. ముప్పై ఏళ్లుగా పొగాకు వేస్తున్నా. తమ్ముడూ, నా మాట విను. అగ్రికల్చర్ చదివినవాళ్లను నేను చాలామందిని చూశా. జీపు గెనెం (చేను గట్టు) దగ్గర ఆగుద్ది, ఫోటో తీసుకుంటారు, పోతారు. చేలో కాలు పెట్టరు. రైతుకు కావాల్సింది రేటు. ఈ చదువు చదివితే రేటు వస్తుందా? నీ కూతురు నాలుగేళ్లు చదివొచ్చి నీ మూడున్నర ఎకరాల్లో ఏం మారుస్తుంది? ఫార్మసీలో వెయ్యి.

కయ్యగెనెం
జులై 13, మధ్యాహ్నం 1:40

నేను వ్యవసాయ శాఖలో 22 ఏళ్లుగా పనిచేస్తున్నా, ఎక్కువ కాలం పెన్నా డెల్టా మండలాల్లో. పొగాకు_బ్యారన్ అన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదు. గెనెం మీద నుంచి వెనక్కి పోయేవాళ్లు మా వాళ్లలో ఉండారు. ఆ మాట ఒప్పుకోకుండా నేను ఏం చెప్పినా నమ్మరు. ఒక మండలానికి ఒక్క అధికారి, చేతినిండా నివేదికలు. అది కారణమే గానీ, రైతుకు చెప్పుకోదగ్గ సాకు కాదు.

అయితే చదువుకు, చదవకపోవడానికి తేడా ఎక్కడుంటుందో ఒక సంగతి చెప్తా. కోవూరు వైపు ఒక ఊళ్లో సాంబ మసూరి. డిసెంబరు, పొద్దున పూట మంచు బాగా కురుస్తున్న రోజులు. కయ్యలో (వరి మడిలో) అక్కడక్కడా తెల్ల కంకులు. రైతు అప్పటికే రెండుసార్లు పురుగు మందు కొట్టాడు. కంకి తెల్లబోతే పురుగేనని ఆయన లెక్క. నేను కయ్యలోకి దిగి ఒక తెల్ల కంకి పట్టుకుని పైకి లాగా. రాలేదు. కాండం తొలుచు పురుగు అయితే లాగగానే ఊడి చేతిలోకి వస్తుంది, ఎందుకంటే లోపల కాడని కొరికేసి ఉంటుంది. ఇది రాలేదు, మెడ దగ్గర పుటుక్కుమని విరిగింది. ఆ కణుపు నల్లగా ఉంది. ఆకుల మీద చూస్తే నూలు కండె ఆకారంలో మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు. అగ్గి తెగులు, అదే మెడ విరుపు. అది శిలీంద్రం. ఆయన పురుగు మందు ఎంత కొట్టినా అది పోదు.

రెండు మందుల డబ్బు, కూలి డబ్బు దండగ. అన్నిటికన్నా పెద్ద నష్టం రోజులు. మచ్చలు ఆకు మీద ఉన్నప్పుడే చూసుంటే లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్‌తో ఆగేది. మెడ మీదికి వచ్చాక ఏం చేయగలం. పుట్టి అంటే మనకు 850 కిలోలు. ఆ కయ్యలో ఎన్ని పుట్లు పోయాయో ఆ ఇంటివాళ్లకే తెలుసు.

అదే అగ్గి తెగులును ఇంకోవైపు నుంచి ఎదుర్కొన్నవాళ్లు మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో ఉండారు. 1937 నుంచి ఉన్న స్థానం అది. మొలకొలుకులు ఎంత పేరున్న బియ్యమో మీ అమ్మగారిని అడగండి. తర్వాత అక్కడి నుంచే నెల్లూరు మసూరి, ఎన్ఎల్ఆర్ 34449 అంటామే, అది వచ్చింది. సన్న గింజ, తక్కువ రోజులు, అగ్గి తెగులును తట్టుకుంటుంది. మందు కొట్టే పని తగ్గించే విత్తనం అన్నమాట. అది తయారు చేసింది కూడా ఈ చదువు చదివినవాళ్లే. అన్నా, రేటు మా చదువు తేలేదు, నిజం. పోయే పుట్లు ఆపగలదు.

నిమ్మతోట_పొదలకూరు
జులై 13, సాయంత్రం 7:15

అన్నా, నేను పదో తరగతి తర్వాత పొదలకూరు వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి, అగ్రిసెట్ రాసి బీఎస్సీకి పోయా. ఇంటర్‌తో నేరుగా వెళ్లేవాళ్లకి ఈ దారి పనికిరాదు గానీ, మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే గుర్తుపెట్టుకోండి. డిప్లొమా అయ్యాక అక్కడితో ఆగినా విత్తన కంపెనీల్లో, గ్రామ స్థాయిలో పని దొరుకుతుంది.

నేనిప్పుడు ఉద్యోగం చేయడం లేదు. మాది ఆరెకరాల నిమ్మ తోట. మా నాయన చెట్టుకింత డీఏపీ అని చల్లేవాడు. చెట్లు పచ్చగా ఉండాల్సింది పోయి ఆకులు చిన్నవై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరిగేవి. ఆయన దానికీ డీఏపీనే వేసేవాడు. అది జింకు లోపం. భాస్వరం ఎక్కువైతే జింకు మొక్కకు అందడం ఇంకా తగ్గుద్ది. అంటే జబ్బుకి జబ్బునే పెట్టాం ఇన్నాళ్లూ.

ఇంకోటి. నిమ్మకు వేసవిలోనే రేటు. పూత నుంచి కాయ దాకా అయిదారు నెలలు పడుతుంది. కాబట్టి సెప్టెంబరు, అక్టోబరు పూతని నిలబెట్టుకోవాలి. ఎప్పుడు నీళ్లు ఆపాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నది చదువులో నేర్చుకున్నా, తోటలో మూడేళ్లు తప్పులు చేసి సరిచేసుకున్నా. కొత్తగా నాటినవి బాలాజీ రకం, గజ్జి తెగులును తట్టుకుంటుందని. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ మీద పరిశోధన స్థానం ఉంది. అక్కడికి వెళ్లి ఏం అడగాలో తెలియడమే నాకు ఈ చదువు ఇచ్చిన పెద్ద లాభం.

బాపట్ల_నాలుగో_ఏడు
జులై 13, రాత్రి 9:05

బాబాయ్, సీట్ల సంగతి.

మన రాష్ట్రంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒక్కటే ఈ కోర్సుకు ప్రధానం. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైంది, ఇప్పుడు గుంటూరు దగ్గర లాంలో ప్రధాన కార్యాలయం. దాని కింద బాపట్ల (1945 నాటిది, అన్నిటికన్నా పాతది), తిరుపతి, నైరా, మహానంది, రాజమహేంద్రవరం కాలేజీలున్నాయి. మీకు బాగా దగ్గరది ఉదయగిరి, కొత్త కాలేజీ.

ఈఏపీసెట్ ర్యాంకు వచ్చినంత మాత్రాన సీటు దానంతట అదే రాదు. విశ్వవిద్యాలయం వేరే నోటిఫికేషన్ ఇస్తుంది, దానికి మళ్ళీ దరఖాస్తు చేయాలి. మా ఊరి అబ్బాయి ఒకడు ఇది తెలియక ఒక సంవత్సరం పోగొట్టుకున్నాడు. ఇంకో ముఖ్యమైన విషయం రైతు కోటా. సీట్లలో 40 శాతం రైతుల పిల్లలకే. కనీసం ఎకరా భూమి ఉండాలి, ఒకటి నుంచి ఇంటర్ లోపు కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని ఊళ్లో చదివి ఉండాలి. మీ అమ్మాయికి రెండూ ఉన్నట్టే. పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి. సర్టిఫికెట్ల కోసం ఆఖరి రోజు తిరిగితే ఆఫీసులో సంతకం పెట్టేవాళ్లు ఉండరు. ఏ ఏటి నిబంధనలు ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి.

తెలుగు మీడియంలో చదివిందా చెల్లి? నేను తెలుగు మీడియమే. మొదటి సెమిస్టర్ కష్టంగా ఉంటుంది, అబద్ధం చెప్పను. నేలల పాఠంలో కేటయాన్ ఎక్స్ఛేంజ్ కెపాసిటీ అని బోర్డు మీద రాస్తే నాకు ఏడుపొచ్చింది. తర్వాత అర్థమైంది, మా నల్లరేగడి ఎరువుని పట్టుకుని ఉంచుకుంటుంది, మీ ఎర్ర చెలక వదిలేస్తుంది, దాన్ని కొలిచే లెక్క అంతే. మా అమ్మమ్మ "నల్ల నేల అప్పు ఇస్తది, ఎర్ర నేల చేబదులు కూడా ఇవ్వదు" అనేది. అదే పాఠం.

మర్రిపాడు_రాళ్లచేను
జులై 14, ఉదయం 8:30

ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ప్రైవేటు కాలేజీ విషయంలో జాగ్రత్త.

నాకు ప్రభుత్వ సీటు రాలేదు. ఏజెంటు మాట నమ్మి వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరా. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా అంటే "ప్రాసెస్‌లో ఉంది, మీరు రెండో ఏడుకి వచ్చేసరికి వచ్చేస్తది" అన్నారు. రాలేదు. కాలేజీ పొలం అంటే ముళ్లకంచె, ఒక బోర్డు. ప్రాక్టికల్ అంటే రికార్డు పుస్తకంలో బొమ్మలు. నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా మట్టి నమూనా తీయలేదు. మా నాయన రెండెకరాలు అమ్మాడు ఫీజుకి. ఆ రెండెకరాలు ఇప్పుడు పక్కవాళ్లు దున్నుతుంటే మా అమ్మ ఆ దారిన నడవదు.

డిగ్రీ చేతికొచ్చాక పీజీకి దరఖాస్తు పెడితే గుర్తింపు ఉన్న కాలేజీ డిగ్రీ కావాలన్నారు. ఉద్యోగ నోటిఫికేషన్లలోనూ అదే అడ్డం. కాలేజీ పేరు ఇక్కడ రాయను. మీరు ఎక్కడ చేర్చినా ముందు ఐకార్ గుర్తింపు జాబితా చూడండి, గుర్తింపు ఏ సంవత్సరం దాకా ఉందో కూడా చూడండి. తర్వాత స్వయంగా వెళ్లి "పొలం చూపించండి" అని అడగండి. చూపించడానికి తటపటాయిస్తే అక్కడ్నుంచే బస్సెక్కి వచ్చేయండి.

అప్పు_పుస్తకం
జులై 14, సాయంత్రం 5:50

మర్రిపాడు తమ్ముడు చెప్పింది అందరూ రెండుసార్లు చదవండి.

నేను మార్కాపురం వైపు బ్యాంకులో వ్యవసాయ అధికారిని. ఉద్యోగాల సంగతి నా వంతు.

మండల వ్యవసాయ అధికారి పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి, ఏటా రావు. వచ్చినప్పుడు పోటీ విపరీతం. దాన్నే నమ్ముకుని అయిదారేళ్లు గదిలో కూర్చున్నవాళ్లను చూశా, మీ అమ్మాయిని ఆ పని చేయనివ్వొద్దు. ఊళ్లలో రైతు సేవా కేంద్రాలు, అంతకు ముందు రైతు భరోసా కేంద్రాలన్నారు, అక్కడ వ్యవసాయ సహాయకులుంటారు. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది. నాలుగేళ్ల వ్యవసాయ డిగ్రీ ఉండాలి, డిగ్రీలో చదివినవి కూడా పరీక్షలో అడుగుతారు. నేను అట్టా వచ్చినవాడినే. విత్తన, పురుగు మందుల కంపెనీలు తొందరగా తీసుకుంటాయి. అయితే అక్కడ టార్గెట్లుంటాయి, తిరుగుడు ఉంటుంది, అమ్మాల్సింది అమ్మాలి. కొందరికి అది సరిపడదు. పైకి చదివితే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, కృషి విజ్ఞాన కేంద్రాల్లో శాస్త్రవేత్తలు. దర్శిలో ఒకటుంది, నెల్లూరులో ఒకటుంది.

బ్యాంకులో చదువు ఎందుకూ అనుకుంటారు. మొన్న ఒక ఫైల్లో నాలుగెకరాల బత్తాయి తోట, ఆరేళ్ల వయసు అని ఉంది. వెళ్లి చూస్తే చెట్లు ఉన్నాయి, సగానికి అడుగున అంటు కట్టు దగ్గర బంక కారుతోంది. వేరు కుళ్లు పట్టిన తోట మీద దీర్ఘకాలిక అప్పు ఇస్తే ఆ రైతు మునుగుతాడు. ఆయనతో కూర్చుని ముందు తోటకి నీళ్లు మొదలుకు తగలకుండా రెండు వరసల పాదులు చేయమని, బంక గీకి బోర్డో పేస్టు పూయమని చెప్పి, చిన్న పంట రుణం ఇచ్చాం. అప్పు ఎంత ఇవ్వకూడదో కూడా ఈ చదువే చెప్తుంది.

పొగాకు_బ్యారన్
జులై 15, ఉదయం 5:45

రాత్రి ఇదంతా మా కోడలితో చదివించుకున్నా. నేను కఠినంగా మాట్లాడిన మాట నిజం, ఒక సంగతి చెప్పకుండా దాచా కూడా.

పదేళ్ల కింద ఒక ఏడు మా ఊరికి దగ్గర్లో ఒక కొట్లో పొగాకుకి పొటాష్ అడిగితే ఎర్ర పొటాష్ ఇచ్చాడు, చౌక అని. తెల్లది, అదే సల్ఫేటు, రేటు ఎక్కువ. నాకు రెండూ పొటాషే కదా అనిపించింది. చేను ఏపుగా పెరిగింది. బ్యారన్‌లో (ఆకు కాల్చే కొట్టంలో) కాల్చి, గ్రేడు చేసి, వేలం కేంద్రానికి తీసుకుపోతే బేళ్లు పక్కకి తోశారు. ఆకు నిప్పు పట్టదు, మధ్యలోనే ఆరిపోతుంది అన్నారు. ఎర్ర పొటాష్‌లో క్లోరైడు ఉంటుందనీ, అది పొగాకుకి పడదనీ ఆ తర్వాత తెలిసింది. చెప్పింది ఎవరో కాదు, పల్లెలో ఉండి నేర్చుకోవడానికి వచ్చిన ఒక అగ్రికల్చర్ ఆడపిల్ల. మా పంచలో కూర్చుని అడిగింది, "పెదనాన్నా, బోరు నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా, అందులోనూ క్లోరైడు ఉండొచ్చు" అని. కందుకూరులో పొగాకు పరిశోధన కేంద్రం ఉంది, అక్కడికి సీసాలో నీళ్లు పట్టుకుపోయా. ఆ పిల్ల ఒక సంవత్సరం ముందు వచ్చుంటే నా అప్పు సగం ఉండేది.

ఆ పిల్ల లాంటిది ఊరికొకరుంటే చాలు. కలిగిరి తమ్ముడూ, నేను ముందు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

బాపట్ల_నాలుగో_ఏడు
జులై 15, ఉదయం 7:20

పెదనాన్నా, మీరు చెప్పింది మా రావెప్ గురించే. ఆఖరి సంవత్సరంలో ఒక సెమిస్టర్ పల్లెలో ఉండాలి, ఒక్కొక్కరికి ఒక రైతు కుటుంబాన్ని అప్పగిస్తారు. ఈ ఏడు నా వంతు. మొన్ననే గుడి ముందు ముగ్గుపిండితో ఊరి పటం వేశాం. మేం చెరువు ఒకచోట గీస్తే ఒక అవ్వ వచ్చి కాలితో చెరిపేసి, "కట్ట ఇటు వంపు తిరుగుద్ది" అని తనే వేసింది. ఎండిపోయిన ఏడు బావులు ఎక్కడున్నాయో వరసగా చూపించింది. రికార్డుల్లో లేవు అవి.

మట్టి నమూనా కూడా చాలామందికి తప్పే తెలుసు. గెనెం పక్కనో చెట్టు కిందో గుప్పెడు తీసి ఇస్తారు. చేను మొత్తం వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల, పైన చెత్త తీసేసి, ఆంగ్ల అక్షరం వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గోడ వెంట పై నుంచి కిందికి ఒక పొర గీకాలి. అన్నీ గోనె మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేసి, మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేసి, అర కిలో మిగిలేదాకా. ఎరువు వేసిన వెంటనే తీయకూడదు.

మెట్టపిల్ల
జులై 16, రాత్రి 8:40

నమస్తే. నేను కలిగిరి_మెట్ట వాళ్ల అమ్మాయిని. నాన్న ఈ చర్చ అంతా నాకు చూపించాడు. ఎందుకు ఈ చదువే కావాలన్నానో నాన్నకి కూడా సరిగ్గా చెప్పలేదు, ఇక్కడ చెప్తాను.

పోయినేడు మా మినుము పసుపు తిరిగింది. ముందు నాలుగు మొక్కలు, వారంలో చేను సగం. నాన్న కొట్టుకి పోయి మూడు సీసాలు తెచ్చాడు, దాదాపు నాలుగు వేలు. మూడూ కలిపి కొట్టాడు. ఏమీ మారలేదు. పారేసిన సీసాలు నేను ఏరి చదివాను. కింద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది కదా, మూడింటిలో రెండిటి మీద ఒకటే పేరు, ఇమిడాక్లోప్రిడ్. కంపెనీలు వేరు, బొమ్మలు వేరు. అంటే మేం ఒకే మందుకి రెండుసార్లు డబ్బులు కట్టాం. తర్వాత మా జువాలజీ మేడమ్‌ని అడిగితే అది పల్లాకు తెగులు, వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది, పట్టిన మొక్కని ఏ మందూ బాగు చేయలేదు, మొదట్లోనే ఆ నాలుగు మొక్కలు పీకేయాల్సింది అన్నారు. నాలుగు మొక్కలు పీకడానికి రూపాయి ఖర్చు లేదు. ఆ రోజు నాన్న చేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. నేను అది మర్చిపోలేను.

నేను ఉద్యోగం చేస్తానో, ఊళ్లో ఉంటానో ఇప్పుడే తెలియదు. సీసా మీద రాసింది చదివి చెప్పగలిగే మనిషిని కావాలి.

కలిగిరి_మెట్ట
జులై 16, రాత్రి 11:10

నేను గట్టు మీద కూర్చున్నప్పుడు ఇది వెనకాల ఉందని నాకు తెలియదు.

దరఖాస్తు పెడతాం. పాస్‌బుక్ తీశా. స్టడీ సర్టిఫికెట్ కోసం రేపు బడికి పోతున్నా. మా అమ్మకు బ్యారన్ అన్న రాసింది చదివి వినిపించా. "ఆ పిల్లది ఏ ఊరంట" అని అడిగింది. అంతే, ఇంకేం అనలేదు.

కయ్యగెనెం
జులై 17, ఉదయం 6:30

అమ్మాయ్, మంచిది. రెండు మాటలు. ఇంగ్లీషుకి భయపడొద్దు, కొత్త మాట ఎదురైనప్పుడల్లా ఇంట్లో దాన్ని ఏమంటారో పక్కన రాసుకో. నోటిఫికేషన్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోవద్దు, మీ ఊళ్లో ఎడగారు వరి (రెండు కార్ల మధ్య వేసేది) ఉంటుంది కదా, రోజూ ఒకసారి దిగి చూసి రా. ఏం కనపడితే అది ఇక్కడ రాయి.

మెట్టపిల్ల
ఆగస్టు 9, సాయంత్రం 6:20

సార్, మా బోరు కింద ఎకరా ఈనింది. ఇవాళ తెల్ల కంకులు కనపడ్డాయి. మీరు చెప్పినట్టు పట్టుకుని లాగాను. సులువుగా ఊడి వచ్చేసింది, విరగలేదు. మెడ నల్లగా లేదు. కాడ కింది కొస కొరికినట్టు ఉంది, పొడి పొడిగా ఉంది. పక్క పిలక చీల్చి చూస్తే లోపల లేత పసుపు పురుగు, తల ముదురు రంగు. మీటరు మీటరు చదరం కొలిచి అయిదు చోట్ల లెక్కపెట్టాను. ఒక్కోచోట ఒకటి, రెండు తెల్ల కంకులు, ఒకచోట అసలు లేవు. నాన్న మందు తెస్తానంటున్నాడు. ఆపాను. ఆపడం తప్పా?

కయ్యగెనెం
ఆగస్టు 9, రాత్రి 7:45

తప్పు కాదు. ఆపి మంచిపని చేశావు. కాండం తొలుచు పురుగే అది. తెల్లబోయిన కంకి ఇక గింజ పట్టదు, లోపలికి వెళ్లిపోయిన పురుగుకి పైన కొట్టిన మందు తగలదు. నువ్వు లెక్కపెట్టినంత వరకే ఉంటే ఈ పంటకి డబ్బు పెట్టొద్దని నాన్నకి చెప్పు.

కోసేటప్పుడు మాత్రం నేల మట్టానికి కోయించండి. దుబ్బులో మిగిలిన పురుగే తర్వాతి పైరు మీదికి వస్తుంది. కోశాక వెంటనే దున్నేయండి. వచ్చే పంటకి నారు పీకి నాటేముందు కొసలు తుంచి నాటండి, తల్లి పురుగు గుడ్లు అక్కడే పెడుతుంది, కొసతో పాటు పోతాయి. తుంచిన కొసలు కయ్యలో వేయకుండా బయట పడేయాలి.

ఆ చీల్చిన పిలక పారేయలేదు కదా? పురుగుని చిన్న సీసాలో వేసి, ఊరు, తేదీ, రకం చీటీ మీద రాసి పెట్టు. బాపట్ల అమ్మాయి చెప్పిన పురుగుల పెట్టె ఉందే, దానికి నీది మొదటిది.

బాపట్ల_నాలుగో_ఏడు
ఆగస్టు 9, రాత్రి 9:15

చెల్లీ, లద్దె పురుగుని సూదికి గుచ్చకూడదు, ముడుచుకుపోతుంది. సీసాలోనే ఉంచు. వీలైతే తల్లి పురుగుని కూడా పట్టు, రాత్రి దీపం దగ్గరికి వస్తుంది, పసుపు రెక్కలు, ఆడదానికి ఒక్కో ముందు రెక్క మీద ఒక నల్ల చుక్క ఉంటుంది. అది సూదికి గుచ్చొచ్చు. ఎట్టా గుచ్చాలో ఫోటో పంపుతా.